తడి ఆరని స్లాబు

"సొక్కా మా ఆయనదే. శవం మా ఆయనది కాదు."

తవిటమ్మ పొద్దుట్నుంచీ ఈ రెండు ముక్కలే చెప్తోంది. మార్చురీ వరండాలో బల్ల మీద కూర్చుని, చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని, ఎవరేం అడిగినా అదే జవాబు. ఎస్సై గిరిబాబు మొదట మర్యాదగానే అడిగాడట. నేను విజయనగరంలో బస్సెక్కి ఇక్కడ నరసన్నపేటలో దిగేసరికి ఆ మర్యాద కాస్తా అయిపోయింది.

నన్ను చూసి టోపీ సర్దుకున్నాడు. "రండి కన్యాకుమారిగారూ. మీరొక్కరే తక్కువయ్యారు" అన్నాడు.

"తక్కువైతే కబురెట్టలేకపోయారా? శవం దొరికిందని ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పుకోవలసొచ్చింది."

"మీకెందుకు చెప్పాలండి? మీరిప్పుడు డిపార్టుమెంటు కాదు కదా."

కాదు. ఇరవై ఏళ్ళకి పైగా చేసి, హెడ్‌కానిస్టేబుల్‌గా ఉండగా ఉద్యోగం ఒగ్గేసి, విజయనగరంలో మెట్ల కింద గదిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. వచ్చేవన్నీ పెళ్ళిసంబంధాల ఎంక్వయిరీలే. కుర్రాడు తాగుతాడా, పిల్లకి ఇదివరకేమైనా కథ ఉందా, ఇవే. ఈ గిరిబాబు ట్రైనింగయి కొత్తగా వచ్చిన రోజుల్లో శవం పక్కన నిలబడ్డానికి కాళ్ళు వణుకుతుంటే మంచినీళ్ళు తెచ్చిచ్చింది నేనే. ఆ సంగతి అతనికి బాగా గుర్తుంది. అందుకే నేనంటే అంత మంట.

కేసు చిన్నదే. తవిటమ్మ మొగుడు జగన్నాధం తన కొత్తింటికి స్లాబు వేసిన రోజు సాయంత్రం నుంచి కనబడ్డం లేదు, ఇవాళ్టికి పదో రోజు. శ్రీకూర్మం దగ్గర పల్లెలో వరి పండించుకునే మనిషి, కూతురి చదువుకోసం నరసన్నపేట వచ్చి బట్టలకొట్లో పనికి కుదిరాడు. అద్దిళ్ళు మారి మారి అలిసిపోయి, ఉన్న పొలం అమ్మేసి, ఊరిచివర వెంచర్లో స్థలం కొన్నాడు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ చెప్పారు. తవిటమ్మని కూతురు హర్షిత నా ఆఫీసుకి తీసుకొచ్చిన రోజున, మొగుడి గురించి అడిగితే ఆవిడ ఇంటి గురించే ఎక్కువ చెప్పింది. అద్దింట్లో గోడకి మేకు కొట్టుకోవాలన్నా ఓనరు మొహం చూడాలి. మన ఇల్లయ్యాక ఏ గోడకి కావాలంటే ఆ గోడకి కొట్టుకో, నేనే సుత్తి అందిస్తానని ఆయన అనేవాడట. ఆ మాట చెప్తూ ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషిని వెతికి పెట్టాలని.

నిన్న పొద్దున్న కాలవ తూము దగ్గర ఒక శవం తేలింది. మొహం పోల్చుకునేట్టు లేదు, చేపలు వదల్లేదు. ఎత్తూ లావూ జగన్నాధానికి సరిపోయాయి. కింది బట్ట కాలవలో కొట్టుకుపోయి, ఒంటిమీద నీలం గళ్ళ చొక్కా ఒక్కటే మిగిలింది. ఆ చొక్కా ఫోటో చూపిస్తే తవిటమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మా ఆయనదేనంది. కానీ శవం దగ్గరకి తీసుకెళ్ళి కాళ్ళు చూపిస్తే, కాదు పొమ్మంది.

"పొలంలో తిరిగిన కాళ్ళు బాబూ ఆయనవి. కాలి ఏళ్ళు ఎడంగా ఉంటాయి. ఇన్నేళ్ళు కాపరం సేసినాను, నాకు తెల్దా?"

"నీళ్ళలో ఇన్నాళ్ళు నానితే ఎవరి కాళ్ళయినా ఒక్కలాగే ఉంటాయమ్మా" అని గిరిబాబు విసుక్కున్నాడు. తర్వాత నావైపు తిరిగి, నాతో అంటున్నట్టే, ఆవిడకి వినబడేట్టు చెప్పాడు. డీఎన్ఏ అంటే నెలల మాట. ఈ సాయంత్రంలోగా సంతకం పెడితే శవం ఇస్తారు. పెట్టకపోతే అనాథశవం కింద పూడ్చేస్తారు. రేపు నిజంగా జగన్నాధమే అని తేలితే, కొరివి కూడా పెట్టుకోలేకపోయామని స్టేషన్‌కొచ్చి ఏడవద్దు.

అదీ ఆవిడ ముందున్న కాయితం. పెడితే సాయంత్రానికి ముండమోపి. పెట్టకపోతే, ఒకవేళ తనే పొరబడితే, కట్టుకున్నవాణ్ణి దిక్కులేని శవంగా మట్టిలో కప్పించిన ఇల్లాలు.

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. స్లాబు రోజు ఆయన ఏ చొక్కా వేసుకున్నాడని అడిగాను.

పూజకి కొత్త చొక్కా వేసుకున్నాడట, తెల్లది, కాలరుకి పసుపు పెట్టి మరీ. కొబ్బరికాయ కొట్టగానే విప్పేసి తవిటమ్మ చేతికిచ్చాడు. సిమెంటు మరకలైతే పోవు, ఇంటికి పట్టుకెళ్ళిపో అన్నాడు. పనివాళ్ళందరికీ భోజనాలయ్యాక ఆవిడ గిన్నెలతోపాటు ఆ చొక్కా కూడా సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆయన లుంగీ, బనీనుతో స్లాబు దగ్గరే ఉండిపోయాడు.

"మరి ఈ గళ్ళ చొక్కా?"

"అది పాతది అప్పా. ఎన్నాళ్ళయిందో ఆయన తొడిగి. పాతబట్టల మూటలో ఎవరికో ఇచ్చీసినాను. ఎవరికిచ్చినానో గుర్తు రాటం నేదు." ఇక్కడివాళ్ళు అక్కని అప్పా అంటారు.

"విన్నారా ఎస్సైగారూ? బనీనుతో ఉన్న మనిషి, ఎప్పుడో ఇచ్చేసిన చొక్కా తొడుక్కుని ఎలా మునిగాడు?"

"సైటులో ఓ పాత చొక్కా పడుంటుంది, తొడుక్కున్నాడు. మీకు ఇదో పెద్ద మిస్టరీ."

చొక్కా చూపించమన్నాను. కళ్ళతోనే చూడండి, చేత్తో ముట్టుకోవద్దని షరతు పెట్టి, కవరులోంచి తీసి బల్లమీద పరిచాడు. నేను ముందు వైపు చూశాను, వెనక తిప్పించి చూశాను. రైతు చొక్కా అయినా, కూలి చొక్కా అయినా వీపుమీద వెలుస్తుంది, ఎందుకంటే వంగి పని చేస్తాడు. ఇది ముందువైపు మాత్రమే పాలిపోయి ఉంది. వీపు వైపు గళ్ళు నిన్న కొన్నట్టు నీలంగా ఉన్నాయి. రెండు చేతుల చివరా కర్ర పొడుచుకున్నట్టు చిరుగులు. జేబు అడుగున కుట్టులో ఇరుక్కుని నాలుగు గడ్డిపోచలు, కాలవ నీళ్ళకి కూడా ఊడిరాలేదు.

నాకు తట్టింది. తట్టినా నోరు విప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా నాయన ఊరికే అనేవాడు కాదు. సాయంత్రందాకా టైమివ్వమన్నాను. గిరిబాబు వాచీ చూసుకుని, అయిదు దాటితే తన చేతుల్లో లేదన్నాడు.

ఆటోలో తవిటమ్మని ఎక్కించుకుని సరాసరి కొత్తింటికి పోనిమ్మన్నాను. దారిలో ఫోన్ చేసి తాపీమేస్త్రి గంగులుని కూడా అక్కడికే రమ్మన్నాను.

వెంచర్లో ఇంకా నాలుగిళ్ళు కూడా లేవు. మధ్యలో జగన్నాధం ఇల్లు, పిల్లర్ల మీద స్లాబు, స్లాబు కింద అడివిలాగా సెంట్రింగు కర్రలు. గోడలు ఇంకా లేవవలసే ఉంది. అయినా తవిటమ్మ ఆ కర్రల మధ్యనుంచి, గుమ్మం రావలసిన చోటుకే వెళ్ళి, అక్కడ చెప్పులు విడిచి లోపలికి నడిచింది. ఇది వంటిల్లు, ఇది మా గుంట హర్షిత చదువుకునే గది, అని చేత్తో చూపించింది. లేని గోడని తడిమింది. నేను ఆవిడ వైపు చూడలేక గంగులు వైపు తిరిగాను.

గంగులు సైకిలు స్టాండు వేసి దూరంగానే నిలబడ్డాడు. ఇంటాయన ఏమయ్యాడో తేలేదాకా తాపీ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడట. స్లాబు మర్నాటి నుంచి ఈ వైపు రాలేదు. పోలీసులు కూడా ఒకసారి వచ్చి కిందనుంచే చూసి వెళ్ళిపోయారట.

ఆ సాయంత్రం ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమన్నాను. చెప్పాడు, కానీ నసుగుతూ. భోజనాలయ్యాక కాంక్రీటు కలిపే మిల్లరు బండి వెళ్ళిపోయింది, కూలీలు వెళ్ళిపోయారు. తను తాపీలు కడుక్కుంటుంటే వెంచరు ధనరాజ్ వచ్చాడు. ఈ స్థలాలన్నీ అమ్మింది అతనే.

"ఎందుకొచ్చాడు?"

"భోజనానికనుకున్నానమ్మా. కాదు."

"మరి?"

గంగులు తవిటమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ తలం నీకంటే ముందే ఇంకొకలకి రిజిస్ట్రేసనైపోనాది, ఆలు కోర్టుకెల్నారు, ఇల్లు ఆపీమని సెప్పీసినాడు. స్లాబు పడిన రోజున, స్లాబు మీద నిలబడి సెప్పినాడమ్మా ఆ మాట. జగన్నాధం ఏటీ అన్లేదు. నన్ను ఎల్లిపోమన్నాడు."

"నువ్వు వెళ్ళిపోయావు."

"ఎల్లిపోనాను."

"ఈ సంగతి ఎస్సైకి చెప్పావా?"

అడగలేదు కాబట్టి చెప్పలేదట. ధనరాజ్ ఇప్పుడెక్కడున్నాడంటే, బరంపురమో హైదరాబాదో పోయుంటాడన్నాడు. ఇలాంటి గొడవ అయినప్పుడల్లా ఫోన్ ఆపేసుకుని నెలా రెండు నెలలు మాయమైపోవడం అతనికి అలవాటు. అతని పెళ్ళాం అనిత మాత్రం ఈసారి ఉండబట్టలేక రోజూ గంగులుకి ఫోన్ చేసి, మీ సైటుకేమైనా వచ్చాడా అని అడుగుతోందట. ఇంకో ముక్క కూడా రాలింది. సైటులో ఉండే ఇసక రిక్షా ఆ మర్నాడు కాలవ గట్టుమీద దొరికితే, ఏ తాగుబోతో తోసుకెళ్ళాడనుకుని తెచ్చేసుకున్నాడు.

"ఆ రోజు ధనరాజ్ ఏ బట్టల్లో ఉన్నాడు?"

"ఎప్పుడూ తొడిగే సొక్కాయేనమ్మా. గోధుంరంగుది, జేబుమీద ఎర్రదారంతో సూరీడు. ఆ వెంచరు గుర్తు. అది నేకండా ఆడు గుమ్మం దాటడు."

సరే అన్నాను. ఇంక పైకెక్కి చూద్దామనుకుంటూ ఊరికే అడిగాను, స్లాబుకి నీళ్ళెవరు పడుతున్నారని. స్లాబు పడ్డాక రెండు మూడు వారాలు నీళ్ళు నిలపకపోతే అది నెర్రెలు విచ్చి పోతుంది, ఇల్లు కట్టిన ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. గంగులు తవిటమ్మ వైపు చూశాడు. తవిటమ్మ గంగులు వైపు చూసింది.

"ఆలే పడతన్నారనుకున్నాను" అన్నాడు గంగులు.

"మేస్త్రి పడతన్నాడనుకున్నాను" అంది తవిటమ్మ.

నేను స్లాబు అంచు చూశాను. సన్‌షేడు మీదనుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. పక్కన సిమెంటు తొట్టిలో నీళ్ళు సగానికి దిగిపోయి ఉన్నాయి. బోరు మోటారు పెట్టె తాళం మాత్రం ఎవరూ ముట్టుకున్నట్టు లేదు, దాని చెవి తవిటమ్మ మెళ్ళోని తాడుకే వేలాడుతోంది. గంగులుని టీ తెమ్మని పంపేశాను. సైకిలు మలుపు తిరిగేదాకా ఆగి వెదురు నిచ్చెన ఎక్కాను. నా వెనకే తవిటమ్మ ఎక్కింది. తన ఇంటి స్లాబుమీద కాలుపెట్టడం ఆవిడకి అదే మొదటిసారి.

మేస్త్రీలు సిమెంటు మాలుతో పెద్ద పెద్ద గళ్ళుగా గట్లు వేసి నీళ్ళు నిలుపుతారు. గంగులు ఆ సాయంత్రమే వేసి వెళ్ళినవి అలాగే ఉన్నాయి. కానీ స్లాబు కొంచెం వాలుగా పడింది, నీళ్ళన్నీ ఒక మూలకి పోతాయి. ఎవరో ఆ పెద్ద గళ్ళ మధ్య బంకమట్టితో చిన్న చిన్న గట్లు వేశారు. ఎగువ మడి నిండితే దిగువ మడిలోకి నీళ్ళు దిగేలా ప్రతి గట్టుకీ ఒక చిన్న మడవ తీశారు. మడవ కోసుకుపోకుండా దాని మూతికి గడ్డి మెలితిప్పి దోపారు. నేనూ రైతు ఇంట పుట్టినదాన్నే. వరిచేనుకి నీళ్ళు కట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఇలా కట్టదు.

తవిటమ్మ మొదటి మడవ దగ్గర చతికిలబడిపోయింది. ఆ గడ్డిమెలిక మీద వేలు పెట్టి, తియ్యలేదు, ఊరికే ముట్టుకుంది. తర్వాత అరచెయ్యి నీళ్ళలో ఉంచింది.

"ఇది ఆయన మెలికే. ఎడంసేత్తో తిప్పుతాడు" అంది. "ఉన్నాడు అప్పా. ఉన్నాడు. రోజూ వస్తన్నాడు. తెల్లారగట్ల ఎవలూ లేవకముందు వచ్చి నీళ్ళు పోసుకుని ఎల్లిపోతన్నాడు. నా దగ్గరికి రాకండా ఇంటి దగ్గరకొస్తన్నాడు, సూసినావా."

ఆ మొహంలో వెలుగు నేను వర్ణించలేను. నాకూ సంతోషమే, ఎందుకు కాదు? గిరిబాబు ముక్కు కింద ఈ మడి పెట్టి, ఇదిగో మీ శవం అనాలని నోరు దురద పెట్టింది. ఆవిణ్ణి లేవనెత్తబోయి, అప్పుడు ముందు మూల చూశాను.

ముందు మూల, పిల్లరు ఊచలకి కట్టి, రోడ్డువైపు మొహం పెట్టి, ఈ ఇంటి దిష్టిబొమ్మ వేలాడుతోంది. పునాది తీసిననాడు గంగులు కట్టి, పిల్లర్లు లేచేకొద్దీ పైకి మారుస్తూ వచ్చింది. అడ్డకర్ర, గడ్డి, మొహానికి సున్నం బొట్లు పెట్టిన కుండ. పడమటెండకి ఎదురుగా, కదలకుండా, నెలల తరబడి నిలబడే ప్రాణి ఈ ఊళ్ళో అదొక్కటే. మార్చురీలో నాకు తట్టింది అదే. గళ్ళ చొక్కా తొడిగింది దీనికి.

"పాతబట్టల మూట గంగులుకిచ్చావు, తవిటమ్మా. బొమ్మకి తొడగమని."

"అవును... గంగులుకే" అంది నెమ్మదిగా. "ఆ బొమ్మని నేనెప్పుడూ కన్నెత్తి సూళ్ళేదప్పా. ఇంటిదిష్టి తీసుకున్నదాన్ని ఇంటి ఆడది తేరిపార సూడకూడదని మా అత్త సెప్పీది."

ఆవిడే కాదు, ఎవరూ చూడలేదు. ఊరంతా ఆ దారినే పోతోంది, ఎస్సై జీపు కూడా దాని కిందే ఆగింది. బొమ్మ ఒంటిమీద ఏదో ఒక చొక్కా ఉంటే చాలు, మారిందో లేదో ఎవరికి పట్టింది? ఇప్పుడు దాని ఒంటిమీద ఉన్నది గళ్ళది కాదు. గోధుమరంగు చొక్కా, తిరగేసి తొడిగారు, కుట్లన్నీ పైకి కనిపిస్తున్నాయి.

ఊచలు పట్టుకుని వంగి, గుండీలు తీసి, చొక్కా లాగాను. లోపల కాలరు దగ్గర ఎండిన మరక, పాత చింతపండు రంగులో, అరచెయ్యంత. చొక్కా తిరగేశాను. జేబుమీద ఎర్రదారంతో సూర్యుడు.

నా సంతోషం అక్కడితో చచ్చింది.

తవిటమ్మ నా మొహమే చూస్తోంది. చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆవిడ నాకు పని అప్పజెప్పింది నిజం కనిపెట్టమని, దాచమని కాదు. కూర్చోబెట్టి చెప్పాను. కాలవలో తేలింది ధనరాజ్. ఈ స్లాబు మీదే తల పగిలింది. కొట్టాడో, తోశాడో, పెనుగులాటలో వాడే పడ్డాడో నాకు తెలీదు. పోయింది తనేనని ఊరు అనుకోవాలంటే శవం మీద తన చొక్కా ఉండాలి. తన ఒంటిమీద బనీను తప్ప లేదు, కొత్త చొక్కా నీ సంచిలో ఇంటికెళ్ళిపోయింది. ఇక్కడున్న తన చొక్కా ఒక్కటే, బొమ్మది. అది విప్పి శవానికి తొడిగాడు. బొమ్మ బోసిగా ఉంటే పొద్దున్నే ఎవరైనా అడుగుతారని వాడి చొక్కా దీనికి తొడిగాడు. రిక్షాలో కాలవదాకా తీసుకెళ్ళాడు.

"నీ మొగుడు బతికే ఉన్నాడు తవిటమ్మా. అది నేను రుజువు చెయ్యగలను. చేస్తే హంతకుడని కూడా చేసినట్టే."

ఆవిడ ఏడవలేదు. నీళ్ళవైపు చూస్తూ, ఆయన ఇల్లు పోతాదంటే భరించలేకపోయుంటాడు అంది. నాతో ఒక్కమాట సెప్పుంటే అద్దింట్లోనే సచ్చీదాకా ఉండేవోలం కదా అంది. మేకు కొట్టుకోకపోతే మనిషి బతకడా అని నన్నే అడిగింది.

అప్పుడే కింద జీపు ఆగింది. అయిదు కాలేదు, కానీ గిరిబాబుకి ఓపిక ఎప్పుడూ తక్కువే. బూట్ల చప్పుడు కర్రల మధ్యకొస్తోంది. నేను చొక్కా నా సంచిలో కుక్కబోయాను. తవిటమ్మ నా చేతిలోంచి అది లాగేసుకుంది.

చూడకూడని బొమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది. చొక్కా మళ్ళీ తిరగేసి, ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, ఆఫీసుకెళ్ళే మనిషికి తొడిగినంత శ్రద్ధగా తొడిగి గుండీలు పెట్టింది. నేను ఆవిడ భుజం పట్టుకున్నాను.

"ఆ శవానికి ఇంకో ఇల్లాలుంది తవిటమ్మా. రోజూ ఫోన్లు చేస్తోంది. నువ్వు సంతకం పెడితే అనిత బతికినంతకాలం గుమ్మంలో కూర్చుంటుంది."

"తెల్సప్పా. ఇన్నాల్లూ నాను కూకున్నదీ అక్కడే." బొమ్మ కాలరు సర్దింది. "ఆవిడి ఉసురు నాకు తగుల్తాది. తగలనీ."

నిచ్చెన మీద గిరిబాబు తల కనిపించింది. పైకొచ్చి నడుంమీద చేతులు పెట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. "ఏమండీ డిటెక్టివ్‌గారూ, ఏం దొరికింది?"

చట్టం ప్రకారం నేను చెప్పాలి. వేలెత్తి ఆ మూల చూపిస్తే చాలు, ఇన్నేళ్ళ కసి తీరిపోతుంది. నోరు తెరిచాను. నాకంటే ముందు తవిటమ్మ మాట్లాడింది.

"ఆ కాయితం ఇయ్యండి బాబూ. శవం మా ఆయనదే."

గిరిబాబు నావైపు చూశాడు, ఆవిడవైపు చూశాడు. "పొద్దున్న కాదన్నావు కదమ్మా?"

"నీళ్ళల్లో నానితే కాళ్ళు మారిపోతాయని తమరే సెప్పినారు కదా."

కాయితం తీసి తొడమీద పెట్టుకుని సంతకం చేసింది. తర్వాత వంగి, మడిలో నీళ్ళు చేత్తో తీసుకుని, నుదుటి బొట్టు తనే తుడుచుకుంది. మొగుడు పోసిన నీళ్ళు. నేను మొహం తిప్పుకున్నాను. పోలీసు ఉద్యోగంలో కూడా నాకు ఇంత ఏడుపు రాలేదు.

గిరిబాబు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గెలిచినవాడి మొహంతో నిచ్చెన దాకా వెళ్ళి, ఒక కాలు దించి, ఆగాడు. మళ్ళీ పైకొచ్చాడు. బూటు కొసతో ఒక మట్టిగట్టుని ముట్టుకుని చూశాడు.

"స్లాబుకి నీళ్ళెవరు పడతన్నారు?"

"నానే" అంది తవిటమ్మ.

"మోటారు తాళం తీసినట్టు లేదే?"

"బిందెల్తో పోస్తన్నాను."

అతను తల ఊపాడు. మడవలోంచి నీళ్ళు దిగువ మడిలోకి జారుతుంటే కాసేపు అలాగే చూశాడు. అతనిది కూడా రైతుకుటుంబమే అన్న సంగతి నేను మర్చిపోయాను. మాట్లాడినప్పుడు గొంతు చాలా మెత్తగా ఉంది.

"మంచిదమ్మా. కానీ రేపట్నుంచి మైల కదా, పదిరోజులు నువ్వు గుమ్మం దాటకూడదు. కట్టిన ఇల్లు పాడైపోకూడదు. తెల్లారగట్ల నుంచి మావాళ్ళు ఇద్దరు ఇక్కడుంటారు. ఎవరైనా నీళ్ళు పొయ్యడానికొస్తే వాళ్ళే చూసుకుంటారు."

నావైపు ఒక్కసారి చూసి దిగి వెళ్ళిపోయాడు. జీపు స్టార్టయింది. అతనికి ఎంత తెలిసిందో, ఎంత అనుమానమో నాకు అంతుపట్టలేదు. కానీ వల వేశాడు. ఆ వలకి తాడు తవిటమ్మ పెట్టిన సంతకమే. మొగుణ్ణి కాపాడుకోడానికి విధవైన మనిషి, విధవైన పాపానికి ఇల్లు కదిలి వెళ్ళి అతన్ని హెచ్చరించడానికి లేదు.

ఆవిడకీ అర్థమైంది. బొట్టు లేని మొహంతో నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇంకా తడిగా ఉంది.

"అప్పా, నువ్వెల్లు. ఆలకంటే ముందెల్లు. చీకటుండగానే వస్తాడు."

"వెళ్ళి ఏం చెప్పమంటావు?"

గడ్డిమెలిక ఊడిపోతుంటే వంగి మళ్ళీ గట్టిగా దోపింది.

"స్లాబు గట్టిపడిపోనాదని సెప్పు. ఇంక నీళ్ళక్కరనేదని సెప్పు. రావద్దని సెప్పప్పా."